పథ్యం పట్టికలో నాలుగో వరుస

తొమ్మిదో రోజు

ఈ నోటుపుస్తకం సుభాషిణి చదవాలని రాస్తున్నాను. ఆవిడ పెద్ద ఓడలో పర్యవేక్షకురాలు. నేను పనిచేసే ఈ ఓడతో కలిపి, ఈ తీరంలో లంగరేసి ఉన్న నాలుగు బాలింతల ఓడలూ ఆవిడ చేతి కింద ఉన్నాయి. ఒకప్పుడు నా దగ్గర నర్సింగ్ పాఠాలు చెప్పించుకున్న మనిషి. రోజూ నేను నింపే లెక్కలు తెర మీదుగా ఆవిడకు పోతూనే ఉంటాయి కానీ, ఆ గడుల్లో నలభై అక్షరాలకు మించి పట్టవు. నలభై అక్షరాల్లో నిజం చెప్పడం నాకు చేతకాదు. అందుకే కాగితం. ఎప్పటికైనా విచారణ జరిగితే దీన్ని బల్ల మీద పెడతాను.

తేదీలు వేయను. సముద్రంలో గట్ల మీద ఉండేవాళ్ళది ఒక క్యాలెండరు, కొండ మీద మిగిలినవాళ్ళది ఇంకొకటి. ఓడలో అందరికంటే చిన్న మనిషి వయసును బట్టి రోజులు లెక్కపెట్టుకోవడం మాకు అలవాటు. ప్రస్తుతం ఆ చిన్న మనిషి బాలింత నూకరత్నం కూతురు. ఇంకా పేరు పెట్టలేదు.

పొద్దున్నే ఓడకు కరెంటిచ్చే నలభై రెండు సూర్యపలకల మీద ఉప్పు తుడిచాను. డెబ్భై నాలుగేళ్ళ మోకాళ్ళకు అది చాలు, కానీ దాని తర్వాత తూకం ఉంది. ఓడ ఊగుతుంటే కాటా ముల్లు నిలవదు. రెండు అలల మధ్య క్షణం కోసం ఊపిరి బిగబట్టి, మూడుసార్లు తూచి, మధ్య అంకె రాస్తాం. పుట్టినప్పుడు ఈ పిల్ల రెండు వేల ఎనిమిది వందల గ్రాములు. ఇవాళ రెండు వేల ఆరు వందల ముప్పై. మొదటి రోజుల్లో ఏ బిడ్డయినా కాస్త తగ్గుతుంది. తొమ్మిదో రోజుకు తిరిగి ఎక్కడం మొదలుపెట్టాలి. ఈ పిల్ల ఎక్కడం లేదు.

మధ్యాహ్నం తల్లి పాలపట్టీ ఎర్రబడింది.

రొమ్ము పక్కన అతికించే గోరంత పట్టీ అది. పాలల్లో మద్యం లేకపోతే తెల్లగా ఉంటుంది, జాడ ఉంటే పసుపు, హద్దు దాటితే ఎరుపు. ఎరుపు పడగానే నా చేతిలో ఏమీ ఉండదు, కబురు దానంతటదే పెద్ద ఓడకు చేరుతుంది. నెలలో మూడు ఎరుపులు పడితే బుట్టపడవ వస్తుంది. బిడ్డను మెత్తని బుట్టలో పెట్టి పాలగదికి తీసుకుపోతారు. అక్కడ పదిమంది తల్లుల పాలు కలిపి సీసాలతో పడతారు. ఆరు నెలలకు తిరిగి ఇస్తారు. అప్పటికి తల్లికి పాలుండవు, బిడ్డకు తల్లి గుర్తుండదు.

పదో రోజు

నూకరత్నం సారాబట్టీలో పదేళ్ళు పనిచేసింది. పడవలకు ఇంధనం అదే కాబట్టి ఆ పని ఎవరో ఒకరు చేయాలి. చేసేవాళ్ళు తాగుతారు, ఆడైనా మగైనా. ఈ ఎరుపు నియమం పెట్టినవాళ్ళను నేను ఎన్ని తిట్టినా, పెట్టిన కారణాన్ని తిట్టలేను. అది రాకముందు పాలు తాగలేక, ఏడవలేక, నిద్రలోనే ఎండిపోయిన నలుగురు పిల్లల్ని నా చేతుల మీదుగా సాగనంపాను.

కాబట్టి కూర్చోబెట్టి చెప్పాను. పాలల్లో మద్యం అక్కడే నిలవుండిపోదు, రక్తంలో దిగేకొద్దీ పాలల్లోనూ దిగుతుంది. పిండి పారబోసినంత మాత్రాన తొందరగా పోదు, గంటలు గడవాలి. మద్యం తల్లికి పాలు చేపనివ్వదు, బిడ్డను సగం తాగకుండానే నిద్రపుచ్చుతుంది. తాగి ఉంటే నాతో చెప్పు, ఏ వేళకు పట్టాలో ఏ వేళకు ఆపాలో చూసుకుందాం, తిట్టను అన్నాను.

ఆమె పిల్ల అరికాలు గోకుతూ విన్నది. పాలు తాగుతూ తాగుతూ నిద్రపోయే పిల్లను లేపడానికి ఆ పని నేనే నేర్పాను.

"తాగీదాన్నే తాతా, కాదన్ను. గుంట కడుపున పడ్డదని తెలిసిన కాడ్నించి ముట్టనేదు. నమ్మితే నమ్ము, నేకపోతే మానీ."

మానేశాను. ఆమె మూట విప్పి వెతికాను. మూడు చీరలు, ఉల్లిపాయలు, దువ్వెన, ఎండబెట్టిన మునగాకు. మంచం కింద చూశాను, నీళ్ళ డబ్బాలు వాసన చూశాను. ఏమీ లేదు. లేకపోతే దాచడంలో నేర్పరి అనుకున్నాను. మనుషుల మీద నా నమ్మకం అంత పాతబడింది.

పదకొండో రోజు

తూకం రెండు వేల ఆరు వందల ఇరవై.

ఓడలో ఇంకో ఇద్దరు బాలింతలు ఉన్నారు. వాళ్ళ ఇళ్ళ నుంచి ఇప్పటికీ కొండ బియ్యం వస్తుంది. నూకరత్నానికి అలా పంపేవాళ్ళు లేరు. గట్టు మీద పంచే తొట్టిపిండే ఆమె తిండి. నీళ్ళతొట్లలో పెంచే నాచు నుంచి తీసే తెల్లని పిండి. నోట్లో వేసుకుంటే నిమిషంలో తియ్యబడుతుంది. ఈ ఏడు కొండ పంట పోయాక సగం జనం దాని మీదే బతుకుతున్నారు.

పథ్యం అందరికీ ఒకటే. గోడకు అంటించిన పట్టికలో పదకొండు వరుసలు. వెల్లుల్లి, నువ్వులు, మునగాకు, చిన్న చేప, నీళ్ళు, పుల్లని తరవాణి గంజి. ఏది ఎంత, ఏ పూట, ఎందుకు. ఈ తీరం మీద బాలింతకు ఏం పెట్టాలో తెలిపే పత్రం అదొక్కటే. పట్టిక అడుగున అచ్చేసిన పేరు బగాది సుభాషిణి.

రాసింది నేను. ఇరవై తొమ్మిదేళ్ళ క్రితం, ఇప్పుడు ఇరవై అడుగుల నీళ్ళ కింద ఉన్న ఒక గ్రంథాలయంలో కూర్చుని, రెండు వర్షాకాలాలు పట్టి రాశాను. వైద్యం ఒక్కటే కాదు, ఊరి ముసలమ్మలు చెప్పింది విన్నాను, చెప్పనిది పుస్తకాల్లో వెతికాను. అచ్చయి వచ్చేసరికి కింద నా విద్యార్థిని పేరుంది. నేను అడిగాను, కమిటీకి రాశాను, పదేళ్ళపాటు రాశాను. సుభాషిణి పర్యవేక్షకురాలైంది. నేను పలకలు తుడిచే మగనర్సును. ఆ పట్టికను చూడకుండా ఈ గదిలోకి రావడం నాకు ఇప్పటికీ రాదు.

నూకరత్నానికి మొదటి వారం చలి పట్టుకుంది. అందుకని ఇంజను గదిని ఆనుకుని ఉన్న మంచం ఇచ్చాను. ఆ గోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ఆ మాత్రం దయ నాలో మిగిలి ఉందని రాసిపెడుతున్నాను.

పన్నెండో రోజు

రెండో ఎరుపు. మళ్ళీ మధ్యాహ్నమే.

రేడియోలో సుభాషిణి గొంతు ముసలిదైపోయింది. ఎలా ఉన్నారు మాస్టారూ అని అడిగింది. మోకాళ్ళ సంగతి చెప్పాను. బిడ్డ బరువు అడిగింది, రెండు వేల ఆరు వందల ఐదు అన్నాను. మూడో ఎరుపు దాకా ఆగకుండానే పడవ పంపనా అంది. వద్దు, దాన్ని నేనే పట్టుకుంటాను, తాగుతుండగా పట్టుకుంటాను అన్నాను.

ఇద్దరం ఒకే పక్షాన మాట్లాడటం ఎన్నేళ్ళకో జరిగింది. అది నాకేమీ బాగుండలేదు.

పదమూడో రోజు

తెల్లవారగానే స్టూలు వేసుకుని నూకరత్నం మంచం ఎదురుగా కూర్చున్నాను. కాపలా అని దాచకుండా చెప్పాను.

"కూకో," అంది. "నాకూ కబుర్లు సెప్పీవోలు నేరు."

కబుర్లు ఆమే చెప్పింది. బట్టీలో వేడి ఆవిరికి కనుబొమలు రాలిపోయేవట. కొత్తవాళ్ళు మొదటి వారం దగ్గుతారట, ఆ తర్వాత సారాకు నీళ్ళకు తేడా తెలియదట. పిల్ల నాన్న వలకని వెళ్ళి తిరిగి రాలేదని మధ్యలో ఒక మాటలో చెప్పి, మళ్ళీ కనుబొమల సంగతికి వచ్చింది.

నేను పట్టీని చూస్తూ కూర్చున్నాను. పొద్దున తెలుపు. అంబలి, మునగాకు కూర తిన్నది, తరవాణి చెంబెడు తాగింది. గంటకు పసుపు. నేను స్టూలు మీంచి కదల్లేదు. నీళ్ళు నా చేత్తోనే ఇచ్చాను. పసుపు పల్చబడుతుండగా మధ్యాహ్నం భోజనం వచ్చింది. మళ్ళీ తరవాణి చెంబెడు. కాసేపటికి ఆమె కళ్ళు వాలాయి.

"ఇది తాగితే ఒల్లు తేలిపోతాది తాతా. బాలింతకి నిద్దర మంచిదని మాయమ్మ అంతాది."

ఆ మాట వినేసరికి నేను ఆ ఖాళీ చెంబు వైపు చూశాను. పట్టీ నా కళ్ళ ముందే ఎర్రబడింది. మూడోది. కబురు వెళ్ళిపోయింది.

మంచం తల దగ్గర, వెచ్చని గోడకు ఆనుకుని, ఆమె కుండ ఉంది. ప్రతి బాలింతా పుట్టింటి తరవాణి కుండను వెంట తెచ్చుకుంటుంది. అది ఎప్పుడూ ఖాళీ చేయరు. సగం ఉండగానే కొత్త గంజి పోస్తారు, పాత పులుపు కొత్తదాన్ని పులియబెడుతుంది. బాలింత కుండను ఇంకెవరూ రుచి చూడకూడదు. చూస్తే ఆమె పాలు చూసినవాళ్ళకు పోతాయని నమ్మకం. నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఈ నమ్మకాన్ని వెక్కిరిస్తూ ఎన్ని పాఠాలు చెప్పానో లెక్కలేదు. కానీ ఒక్క కుండలోనూ వేలు ముంచలేదు. ఎందుకు ముంచలేదంటే, ఎవరూ ముంచరు కాబట్టి.

నీ కుండ రుచి చూడనా అని అడిగాను. ఆమె కుండను నా వైపు జరిపింది.

"సూడు. ఎలాగూ గుంటను పట్టుకుపోతారు. ఆ పాలేవో నీకే పడితే నువ్వే ఇద్దువు గానీ."

చెంచాడు నోట్లో పోసుకున్నాను. పులుపు ఉంది, పులుపు వెనక గొంతు కాల్చే మంట ఉంది. బియ్యం గంజి పులిస్తే పులుపు దగ్గరే దాదాపు ఆగుతుంది. ఈ కుండలో పోస్తున్న తొట్టిపిండి గంజి అక్కడ ఆగలేదు. వెచ్చని గోడ పక్కన రాత్రింబవళ్ళు చక్కెరగా మారుతూ, చక్కెర సారాగా మారుతూ ఉంది. కొత్త గంజి పోసిన రోజున పల్చబడి, పట్టీ పసుపు దగ్గరే ఆగేది. బట్టీలో సారాకు వాడేదీ ఇదే పిండి. గట్టు మీద ప్రతివాడికీ తెలిసిన సంగతి. ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. పదేళ్ళు బట్టీలో మొద్దుబారిన ఆమె నాలుకకు ఇది నీళ్ళు. ఆమె అబద్ధం చెప్పలేదు. రోజుకు మూడు చెంబులు, మందులాగా, మేం చెప్పినట్టే తాగింది.

కుండ తీసి బయట పెట్టాను. ఆమెతో, ఇవాళ్టి నుంచి మామూలు నీళ్ళు తాగు అన్నాను.

పద్నాలుగో రోజు, పొద్దున

రేడియోలో చెబితే సుభాషిణి నమ్మలేదు. నమ్మలేదని కాదు, నమ్మినా పడవ ఆగదంది. మూడు ఎరుపులు ఉన్నాయి, వాటిని కొట్టేయాలంటే నియమం ప్రకారం రుజువు కావాలి. వస్తున్నానంది.

పలకలు తుడవలేదు. రేకుపెట్టె తెరిచాను. పథ్యం పట్టికకు నేను చేత్తో రాసిన ప్రతి అందులో ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా దాచింది ఇలాంటి రోజు కోసమే. గోడ మీది పట్టికలో సుభాషిణి పేరుంది కదా, ఆ పట్టికే బిడ్డను ఎండగట్టింది కదా. ఆవిడ వచ్చి నిలబడ్డప్పుడు నేను నోరు మూసుకుంటే చాలు, తప్పంతా ఆవిడదవుతుంది. నిజం చెప్పాలంటే ఈ నోటుపుస్తకం మొదలుపెట్టింది కూడా అందుకే.

అట్టకట్టిన కాగితాలు విడదీసి నాలుగో వరుస చూశాను. "తరవాణి, పూటకు చెంబు, రోజుకు మూడు. బియ్యం లేనప్పుడు ఏ పిండితోనైనా."

పక్కన మార్జిన్‌లో గుండ్రని అక్షరాలతో పెన్సిలు రాత ఉంది. "ఏ పిండితోనైనానా? ఒక్కో పిండినీ పులియబెట్టి చూడాలి కదా మాస్టారూ?"

దాని కింద ఎర్ర సిరాతో నా రాత. "అనవసరం."

ఎన్నిసార్లు ఈ కాగితాన్ని తలుచుకుని కడుపు మండించుకున్నానో. ఒక్కసారి కూడా తెరిచి చదవలేదు.

పద్నాలుగో రోజు, సాయంత్రం

బుట్టపడవ మధ్యాహ్నానికి వచ్చింది. బుట్టను సుభాషిణే చేత్తో పట్టుకుని నిచ్చెన ఎక్కింది. లోపల తెల్లని మెత్త, దాని మీద కొత్త గుడ్డ. నూకరత్నం ఆ బుట్టను చూసి పిల్లను చీర కొంగులో చుట్టుకుని గోడ వైపు తిరిగింది. పొద్దున తూకం రెండు వేల ఐదు వందల తొంభై.

నేను సుభాషిణిని నిచ్చెన దగ్గరి ఊదుడు గొట్టానికి తీసుకుపోయాను. రోజూ ఉద్యోగులు మద్యం పరీక్షకు దానిలో ఊదే పైకి ఎక్కాలి. ఊదాను, తెలుపు. ఆవిడ ముందే కుండలోంచి చెంబు నిండా వంచుకుని తాగాను. నేను జీవితంలో తాగినవాణ్ణి కాదు. అరగంట ఇద్దరం తాళ్ళ చుట్టల మీద కూర్చున్నాం. ఆవిడ మోకాళ్ళూ బాగాలేవని అప్పుడు తెలిసింది. సముద్రం ఒకటి రెండుగా కనబడసాగింది. లేచి ఊదాను. ఎరుపు.

సుభాషిణి గొట్టం వైపు చూసింది, కుండ మూత తీసి వాసన చూసింది. చేతి తెర మీద నియమం వెతికి నెమ్మదిగా చదివింది. పథ్యం వల్ల పడిన ఎరుపు తల్లి లెక్కలోకి రాదు, పథ్యం రాసినవారి లెక్కలోకి వస్తుంది. రాసినవారు ఆ తప్పును ఒప్పుకుని సంతకం చేస్తే తల్లి మీది ఎరుపులు ఆ క్షణమే కొట్టేయవచ్చు. సంతకం చేసినవారు ఇకపై ఏ ఓడ మీదా పనిచేయరాదు.

నూకరత్నం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పడవ నడిపే అతను ఆటుపోటు మారకముందే బయల్దేరాలన్నాడు. సుభాషిణి సంతకం చేయబోతున్నదనే అనుకున్నాను, తెర మీద వేలు పెట్టింది. పెట్టి ఆగింది.

"ముప్పై ఏళ్ళుగా ఆ పట్టిక మీదే అన్నారు. కమిటీకి పదకొండు ఉత్తరాలు రాశారు. ఇవాళా మీదేనా మాస్టారూ?"

వెక్కిరింపు లేదు ఆ గొంతులో. ఉంటే నాకు తేలికయ్యేది.

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. ఆవిడ ముందు నాలుగో వరుస చదివింది, తర్వాత మార్జిన్ చదివింది. ఆ పెన్సిలు రాత మీద వేలు ఆనించింది.

"నా అక్షరాలు అప్పుడు ఎంత గుండ్రంగా ఉండేవి," అంది. తర్వాత, అడగకుండానే, "ఆ సంవత్సరం బాలింతల కాగితాల మీద మగవాళ్ళ పేర్లు కమిటీ ఒప్పుకోలేదు. మీ దగ్గరికి వచ్చి చెప్పాను. మీరు తలుపు తీయలేదు," అంది.

నాకది గుర్తులేదు. గుర్తులేనివి ఇంకెన్ని ఉన్నాయో.

"నాదే," అన్నాను. "నాలుగో వరుస కూడా నాదే."

సంతకం పెట్టాను. సనపల అప్పలస్వామి. తాగి ఉన్నాను కాబట్టి వంకరగా వచ్చింది, అయినా తెర ఒప్పుకుంది. నూకరత్నం పేరు పక్కన మూడు ఎర్రచుక్కలు ఒకదాని తర్వాత ఒకటి మాసిపోయాయి. గోడ మీది పట్టికలో నాలుగో వరుసను సుభాషిణి తన పెన్సిలుతో కొట్టేసింది.

నా సామాను ఒక పెట్టె. సర్దుతుంటే నూకరత్నం వచ్చింది. కృతజ్ఞతలు చెప్పబోతుందేమోనని భయపడ్డాను.

"నా మూట విప్పి సూసినావు. దొంగను సేసి ఎదురుగా కూకున్నావు. నా గుంట పదమూడు రోజులు నీ మందు తాగింది. నీకు దండం పెట్టాలేటి?"

పెట్టొద్దన్నాను.

ఆమె వెళ్ళలేదు. పిల్లను నా వైపు చాచింది.

"ఇంకోపాలి తూసెల్లు. కొత్తగా వచ్చీవోలు ఆగుతారో నేదో. నువ్వయితే అల ఆగీదాకా ఆగుతావు."

తూచాను. మత్తు ఇంకా దిగలేదు గనక మూడుసార్లు కాదు, ఐదుసార్లు తూచాను. పొద్దుటి అంకే. రాశాను.

పడవలో నా ఎదురుగా ఖాళీ బుట్ట ఉంది. నీటి తుంపర పడుతుంటే దాని మీద నా తువ్వాలు కప్పాను.

పదిహేడో రోజు

పెద్ద ఓడలో పనిలేని ముసలివాళ్ళను వంటగది పక్కన ఉంచుతారు. వెల్లుల్లి ఒలుస్తున్నాను. సుభాషిణి రోజూ వచ్చి తూకం చెబుతుంది. మొదటి రోజు పది గ్రాములు, నిన్న నలభై. ఇవాళ రెండు వేల ఆరు వందల ఎనభై. పట్టీ మూడు రోజులుగా తెల్లగానే ఉందట. పిల్ల ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తున్నదట, మిగతా ఇద్దరు బాలింతలూ నిద్ర లేదని సణుగుతున్నారట.

కొత్త పట్టిక రాయాలి. సుభాషిణి అయిదు రకాల పిండి తెప్పించి అయిదు కుండల్లో పులియబెట్టింది. రుచి చూసే పని నాది, ఇక పోగొట్టుకోవడానికి నాకు ఉద్యోగం లేదు కాబట్టి. ఏం రాస్తున్నారని ఇందాక అడిగితే ఈ నోటుపుస్తకం చేతికిచ్చాను. మొదటి వాక్యం చదివి నా వైపు చూసింది. తర్వాత పేజీలు తిప్పి, అంచు నుంచి అంచుదాకా కిక్కిరిసిన నా అక్షరాలు చూపించి, నేను రాయడానికి చోటే వదల్లేదేం మాస్టారూ అంది.

సాయంత్రం కొత్త కాగితాలు తీసుకుని, అన్నిటికీ ఎడమ పక్కన మూడు వేళ్ళ వెడల్పు వదిలి గీత గీశాను.